టైటానియం బిళ్ళలకు నేను పెట్టిన మెరుపు

నాకు కోపం ఇంకా తగ్గలేదు. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నాను, విని న్యాయం మీరే చెప్పండి. మార్టూరులో మా పాలిష్ యూనిట్ నుంచి బయటికి పోయే గ్రానైట్ పలక ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు. ఓపిక ఉంటే గడ్డం కూడా గీసుకోవచ్చు. అలాంటి నన్ను పోయిన నెల గుంటూరు పక్కన ఒక కాలేజీలో, లాబ్ బయట బల్ల మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు. దేనికంటారా? ఒక వస్తువుని మెరిపించినందుకు. విరగ్గొట్టినందుకు కాదు, పోగొట్టినందుకు కాదు. మెరిపించినందుకు.

మొదటి నుంచి చెబుతాను, టీ చల్లారనివ్వకండి.

మా చెల్లెలి కూతురు నజ్మా ఉంది కదా, దానికి చదువంటే ప్రాణం. నేను పదో తరగతి దాకా వెళ్ళి అక్కడ ఆగాను. అది ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది. ఏం పని తల్లీ అక్కడ నీది అంటే, "తుంటి ఎముకలు, మోకాళ్ళు మార్చేటప్పుడు లోపల లోహం పెడతారు కదా మామయ్యా, ఆ లోహం పైభాగం మీద పని" అంది. చాలా మంచిదమ్మా, చేసుకో అన్నాను. పైభాగం మీద ఏం పని అని అడగలేదు. అడక్కపోవడం తప్పంటే ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

శనివారం మధ్యాహ్నం నజ్మా గుంటూరు నుంచి బస్సు దిగింది. మంగళవారం చీరాలలో రైలెక్కి చెన్నై వెళ్ళాలట, ఈలోపు మా ఇంట్లో ఉండి అత్త చేతి వంట తినిపోదామని వచ్చింది. బ్యాగులోంచి ముందు బట్టలు తియ్యలేదు, ఒక ప్లాస్టిక్ పెట్టె తీసింది. లోపల స్పాంజిలో గుంటలు, ఒక్కో గుంటలో రూపాయి బిళ్ళంత లోహపు ముక్క. టైటానియం అట. ఆ పెట్టెని చంటిపిల్లని దించినట్టు బీరువా మీద దించింది.

"మామయ్యా, వీటి మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. వేలు తగిలినా పాడైపోతాయి."

"నాకెందుకు చెబుతావ్, మీ అత్తకి చెప్పు."

"అత్తకి చెప్పక్కర్లేదు."

చూశారా. అప్పుడే అవమానం మొదలైంది, నేనే గమనించలేదు.

ఆ బిళ్ళల సంగతి అన్నం తింటూ చెప్పింది. చెన్నైలో ఒక ఆసుపత్రి లాబ్‌లో మనిషి ఎముక కణాలు పెంచుతున్నారట. అవి బుధవారానికి సిద్ధమవుతాయి. ఆ రోజు ఈ బిళ్ళల మీద వాటిని వదలాలి, పట్టుకుని కూర్చుంటాయా లేదా చూడాలి. "కణాలు మన కోసం ఆగవు మామయ్యా, మల్లెపూల లాంటివి, ఆ రోజుకి ఆ రోజే. ఈసారి తప్పితే వాళ్ళు మళ్ళీ ఎప్పుడు చేసిస్తారో తెలీదు. నా పని మొత్తం దీని మీదే ఆగి ఉంది" అంది. నేను గోంగూర మాంసం కలుపుకుంటూ తల ఊపాను. అంటే విన్నాను. విననట్టు తర్వాత అందరూ అన్నారు గానీ, శుభ్రంగా విన్నాను. విన్నాను కాబట్టే చేశాను.

ఆదివారం మా ఆవిడ ఖాసింబీ, నజ్మా కలిసి చీరాల వెళ్ళారు. మా ఆవిడ తమ్ముడింట్లో పెళ్ళి ఉంది, మగ్గం చీర కావాలట. యూనిట్‌కి సెలవు. ఇంట్లో నేనొక్కణ్ణే. సెలవు రోజు మగాడు ఇంట్లో ఒక్కడే ఉంటే ఏం చేస్తాడు? టీవీ చూశాను. ఫ్యాను తుడిచాను. ఫ్యాను తుడుస్తూ స్టూలు మీద నిలబడితే బీరువా మీద పెట్టె ఎదురుగానే ఉంది. మూత పారదర్శకం. నేను కావాలని చూడలేదు, అదే కళ్ళలో పడింది.

బిళ్ళల నిండా మరకలు.

ఒకటి నీలం, ఒకటి ఊదా, ఇంకోటి పసుపుకీ ఇటుక రంగుకీ మధ్యలో. రోడ్డు మీద వాననీళ్ళలో డీజిల్ పడితే తేలుతుందే, ఆ రంగులు. మోటారు సైకిల్ సైలెన్సర్ గొట్టం వేడికి మాడితే మొదట్లో వస్తుందే, అదే మరక. ఒక్క బిళ్ళ కూడా తిన్నగా మెరవట్లేదు. ఒక్కదాంట్లో కూడా నా మీసం కనబడలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నజ్మా మీద కాదు, ఆ కాలేజీ వాళ్ళ మీద. పిల్ల రాత్రింబవళ్ళు చదువుతుంటే మాడిపోయిన సరుకు అంటగట్టి పంపిస్తారా? రేపు చెన్నైలో పెద్ద డాక్టర్లు మూత తీసి, ఏమ్మా, మీ వైపు పాలిష్ చేసేవాళ్ళు లేరా అనడిగితే? మార్టూరులో మేనమామని పెట్టుకుని ఆ పిల్ల ఏం చెప్పాలి? మనిషి ఒంట్లో పెట్టే వస్తువు అది. మన గుమ్మం ముందు వేసే రాయికే మెరుపు లేకపోతే కొన్న పార్టీ లారీ వెనక్కి తిప్పుతాడు. తుంటి ఎముక దగ్గర పెట్టేది ఇంకెంత మెరవాలి?

చెయ్యి పెట్టొద్దంది. సరే, నేను చెయ్యి పెట్టలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పట్టకారుతో తీశాను, అది కూడా మెత్తటి గుడ్డ చుట్టి. పెట్టె పట్టుకుని స్కూటర్ మీద యూనిట్‌కి వెళ్ళి, బిళ్ళలకి సరిపోయేట్టు చెక్కలో గుంటలు తొలిచి, వాటిలో బిగించి, బిస్మిల్లా అనుకుని చిన్న మిషన్ ఆన్ చేశాను. దానికి మందపాటి బఫ్ గుడ్డ తగిలించి, ఆఖరి మెరుపుకి వాడే తెల్ల పౌడర్ నీళ్ళలో కలిపి, నిదానంగా తిప్పాను. అలా తాకిందో లేదో రంగులన్నీ ఎగిరిపోయాయి. అంత తేలిగ్గా పోయే మరకని ఎవరూ పట్టించుకోలేదే అని ఆ కాలేజీ మీద నాకు ఇంకో విడత కోపం వచ్చింది.

అయిపోయాక చూసుకున్నాను. అద్దాలు. చిన్న చిన్న అద్దాలు. ఒక్కోదాంట్లో ఒక్కో నేను. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పట్టకారుతోనే పెట్టెలో సర్దాను.

సాయంత్రం వాళ్ళు చీరతో వచ్చారు. నేనేమీ చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకోవడం నాకిష్టం ఉండదు, వాళ్ళే చూసి చెప్పాలి. అందుకని పెట్టెని బీరువా మీద నుంచి దించి టీపాయ్ మీద, సరిగ్గా లైటు కింద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

నజ్మా చూసింది. దగ్గరికొచ్చి వంగి చూసింది.

"మామయ్యా, రంగులేవి?"

"మరకలా? పోయాయి."

"పోయాయంటే? అన్నిటికీనా?"

"ఒక్కటి వదల్లేదమ్మా. వెనక వైపు కూడా చేశాను."

అది మంచం మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు, అరవలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి, అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. ఊరికే ఆ పెట్టె వంక చూస్తూ ఉంది. మా ఆవిడ చీర సంచీ అక్కడే వదిలేసి, "ఏందయ్యా, ఏం చేశావు?" అంది. చేసింది చెప్పాను. చెబుతుంటే నాకే మొదట్లో ఉన్నంత గొప్పగా అనిపించలేదు.

అప్పుడు నజ్మా మెల్లగా చెప్పింది. అవి మరకలు కావట. ఒక్కో బిళ్ళ మీద తేనెపట్టులాగా పక్కపక్కనే సన్న గొట్టాలు లేపిందట. ఎంత సన్నమంటే, తల వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక్కో చీలిక ఎంతుంటుందో అంత నోరు. ఆ పొర మందాన్ని బట్టి రంగు కనబడుతుందట. ఎముక కణం నున్నటి లోహం మీద నిలవలేక జారిపోతుంది, ఆ గుంటల్లో పట్టు దొరికితే కాళ్ళు చాపి కూర్చుంటుంది, అప్పుడు ఎముక, లోహం కలిసిపోతాయి. ఆ గుంటలు లేకపోతే దాని పనే లేదు.

మా ఆవిడ ఏడో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. అంతా విని, "రోలుకి గంట్లు కొట్టిస్తాం చూడు, అలాగా?" అంది.

"అచ్చం అలాగే అత్తా."

ఇంకేముంది, ఆవిడ నా వైపు తిరిగింది. "రోలు నున్నగా అరిగితే పండుమిరపకాయ నలుగుతుందా? జారి మొహం మీదికొస్తుంది. పొద్దస్తమానం రాళ్ళతో ఉంటావు, ఆ మాత్రం తెలీదా?"

"గంట్లు కనబడితే తెలిసేది. కనబడని గంట్లు పెట్టుకుని, కనబడలేదని నన్నంటే ఎలా?"

"చెయ్యి పెట్టొద్దని చెప్పాను కదా మామయ్యా."

"నేను చెయ్యి పెట్టానా? పట్టకారు పెట్టాను. మీ అత్తని అడుగు."

"నన్నెందుకు అడగడం, నేను చీరాలలో ఉన్నాను" అంది ఆవిడ.

నజ్మా వాళ్ళ కాలేజీ మేడంకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. పెట్టకుండా ఉండాల్సింది.

"ఎవరు చేశారు?" అన్నారు మేడం గారు.

"మా మామయ్య, మేడం."

"ఎందుకు?"

"మెరవడానికి మేడం."

ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "పొద్దున్నే బిళ్ళలు తీసుకుని వచ్చెయ్. కుదిరితే మళ్ళీ చేద్దాం. ఆయన్ని కూడా తీసుకురా, ఏ పౌడర్ రుద్దారో తెలిస్తే గానీ కడగలేం" అన్నారు. నిందితుణ్ణి పిలిచినట్టు పిలిచారు.

సోమవారం తెల్లారగానే మా పాత కారులో బయల్దేరాం. పెట్టె నజ్మా ఒళ్ళో ఉంది. చిలకలూరిపేట దాటేదాకా దాని చూపు ఆ పెట్టె మీదే. ఉత్త మెరుపుకి ఇంత బాధ ఏమిటని నాకు ఉక్రోషం. "టీ తాగుదామా" అన్నాను. వద్దంది. "మీ మేడం బాగా కోప్పడతారా" అన్నాను. "నువ్వు రోడ్డు చూసి నడుపు మామయ్యా" అంది. గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి, ఘాటుకి ఇద్దరం ఒకేసారి తుమ్మాం. నేను నవ్వాను. అది నవ్వలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. దాని చిన్నప్పటి నుంచీ ఇద్దరం కలిసి తుమ్మితే అది నవ్వకుండా ఉండటం నేను చూళ్ళేదు.

మేడం గారు నా కంటే చిన్నావిడే. నమస్కారం పెట్టాను, పెట్టారు. కాళ్ళకి నీలం సంచులు తొడిగించి లోపలికి తీసుకెళ్ళారు. అక్కడొక మైక్రోస్కోపు, మా వంటగదంత ఉంది. నా బిళ్ళ ఒకటి దాంట్లో పెట్టి, తెర మీద బొమ్మ వేశారు.

చూశాను. నల్లరేగడి చేను. పత్తి వేసే ముందు దున్నుతారే, అలా. సాళ్ళు సాళ్ళుగా, అక్కడక్కడా పెద్ద పెద్ద మట్టిపెళ్ళలు. ఏదో వ్యవసాయం లాబ్ వాళ్ళది పొరపాటున పెట్టారేమో అనుకుని, మంచి మాటతో మొదలుపెడదామని, "ఎవరి పొలమండీ? దుక్కి లోతుగానే పడింది గానీ సాళ్ళు వంకర పోయాయి" అన్నాను.

"మీ పాలిష్ అండీ" అన్నారు.

"మరి ఆ పెళ్ళలు?"

"మీ పౌడర్."

మీరే చెప్పండి, ఇదెక్కడి న్యాయం? అంత పెద్దది చేసి చూస్తే ఎవరి పనైనా దుక్కిలాగే ఉంటుంది. ఆవిడ మొహం కూడా ఆ మైక్రోస్కోపులో పెడితే ఎలా ఉంటుందో చూడాలి అనుకున్నాను. పైకి అనలేదు, నజ్మా పక్కనే ఉంది. తర్వాత నజ్మా ముందు తీసి పెట్టుకున్న పాత బొమ్మ చూపించారు, నేను రుద్దక ముందుది. గుండ్రటి నోళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, ఒత్తుగా, ఎక్కడా వంకర లేకుండా. ఒప్పుకోకపోతే పాపం. నా జన్మలో అంత నీటుగా చేసిన పని చూళ్ళేదు. అంత పనిని నేను బఫ్ గుడ్డతో తుడిచేశాను. అది మొదటిసారి అప్పుడే నా బుర్రకెక్కింది. గొంతు సవరించుకుని పౌడర్ పేరు, ఎన్నో నంబరు, అన్నీ చెప్పాను.

మేడం గారు నజ్మాతో, "మళ్ళీ గొట్టాలు లేపాలంటే ముందు పైభాగం నున్నగా పాలిష్ చెయ్యాలి" అన్నారు.

నేను లేచి చొక్కా చేతులు మడిచాను. "అదే కదండీ నేను చేసిపెట్టింది. సగం పని అయిపోయినట్టే."

"మీరు కూర్చోండి. మీది నున్నగా లేదు."

నున్నగా లేదట. నేను చేసింది.

వాళ్ళ పాలిష్ మిషన్ చూశాను. దోసెల పెనమంత ఉంది. నీళ్ళు చుక్క చుక్క, తిరగడం కూడా పెళ్ళిలో ముసలమ్మ నడిచినట్టు. ఆ వేగంతో పని చేసేవాణ్ణి మా యూనిట్‌లో అయితే మధ్యాహ్నానికే లెక్క తేల్చి పంపించేస్తాను. నజ్మా గ్లోవ్స్ వేసుకుని ఒక్కో బిళ్ళ పట్టుకుని, రుద్ది, కడిగి, చూసి, మళ్ళీ రుద్దుతోంది. దాని మెడ మీద చెమట. నాకు చేతులు ఊరుకోవట్లేదు. "కొంచెం వత్తు తల్లీ" అన్నాను. మేడం గారు నా వైపు చూశారు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

తర్వాత బిళ్ళని ఒక ప్లాస్టిక్ గిన్నెలో యాసిడ్‌లో వేలాడదీసి కరెంటు ఇచ్చారు. నన్ను దూరంగా అద్దం వెనక నిలబెట్టారు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మెల్లగా బిళ్ళ మీద పసుపు ఎక్కింది. పసుపు ఊదా అయింది, ఊదా నీలం అయింది. ఎంత చక్కగా నున్నగా తయారైన బిళ్ళ, నా కళ్ళ ముందే మరక పడిపోతోంది. అవి మరకలు కావని నాకిప్పుడు తెలుసు. వెంట్రుకలో వెయ్యో వంతు అని కూడా తెలుసు. కానీ చెయ్యికి తెలీదు కదండీ. దాన్ని కడిగి, ఆరబెట్టి, అద్దం ఇవతల బల్ల మీద పెట్టారో లేదో, నా జేబులోంచి రుమాలు బయటికి వచ్చేసింది.

"మామయ్యా" అంది నజ్మా.

ఆ ఒక్క మాటే. నేను రుమాలు చూసుకున్నాను. మేడం గారు తలుపు తీసి పట్టుకున్నారు. అలా వచ్చింది ఆ బయటి బల్ల, అలా వచ్చాయి ఒళ్ళో చేతులు. అటుగా పోయే పిల్లలందరూ, ఏదో ఫీజు కట్టడానికి వచ్చిన పెద్దమనిషి అనుకుని విష్ చేసి పోతున్నారు.

సోమవారం మొత్తం, మంగళవారం మధ్యాహ్నం దాకా పట్టింది. చీరాల దాకా తిరిగి వచ్చే టైము లేదు, గుంటూరు నుంచే తెనాలి తీసుకెళ్ళి రైలెక్కించాను. బిళ్ళలన్నీ మళ్ళీ నీలంగా, ఊదాగా ఉన్నాయి. నేను మెరిపించిన వాటిలో ఒకదాన్ని మాత్రం అలాగే ఉంచి, పోల్చి చూడటానికి పనికొస్తుందని మేడం గారు పెట్టెలో ఒక మూల సర్దించారు. కిటికీలోంచి నజ్మా, "ఇంటికెళ్ళి అన్నం తిను మామయ్యా" అంది. నేను నిన్నటి నుంచి సరిగా తినలేదని అది గమనించిందన్నమాట. రైలు కదిలాక కాసేపు కారులో కూర్చుండిపోయాను.

బుధవారం అంతా నేను యూనిట్‌లో ఏ పలక మీదా చెయ్యి వెయ్యలేదు. మావాళ్ళు జ్వరమా అనడిగారు. గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"పట్టుకున్నాయి మామయ్యా. కడిగినా కదల్లేదు. అన్నిటి మీదా కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి." దాని గొంతులో నవ్వు వినబడింది.

అల్హందులిల్లా అన్నాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మరి నా బిళ్ళ మీద?"

"నీదాని మీద ఒక్కటి కూడా నిలవలేదు. ఆ సాళ్ళు వాటి కాళ్ళకి మరీ వెడల్పు, పైగా పౌడర్. నీళ్ళు పొయ్యగానే అన్నీ కొట్టుకుపోయాయి. మేడం చాలా సంతోషించారు. మంచికీ చెడ్డకీ తేడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనబడలేదట. మామయ్యా, ఏమీ అనుకోకు, మేడం ఒక మాట అడగమన్నారు. అలాంటివి ఇంకొన్ని చేసిస్తావా? లాబ్‌లో ఎంత ప్రయత్నించినా ఎవరికీ అంత చెడ్డగా రావట్లేదట."

నాకెలా ఉంటుందో ఆలోచించండి. ఒంగోలు నుంచి, బెంగుళూరు నుంచి పార్టీలు వచ్చి నా పలకల్లో క్రాపు సరిచేసుకుని పోతారు. నాకు చెడగొట్టే ఆర్డరా? వద్దని చెప్పేద్దామనుకున్నాను. మా ఆవిడ పక్క నుంచి, "పిల్ల పని పాడుచేసిన చెయ్యే కదా, ఇప్పుడు పనికొస్తానంటే గొడవేంటి" అంది. సరేనన్నాను.

కొత్త బిళ్ళలు పంపారు. కావాలని చెడగొట్టమన్నారు కదా, చెడగొట్టాను. మనసు పెట్టలేదు. వేరే ఏదో ఆలోచించుకుంటూ, పౌడర్ కొంచెం వేసి, బఫ్ అలా తాకించీ తాకించకుండా, పనివాణ్ణి తిట్టాల్సినంత నిర్లక్ష్యంగా చేసి కొరియర్‌లో పడేశాను.

నిన్న అన్నీ తిరిగి వచ్చాయి. వెనకే నజ్మా ఫోన్.

"ఇవి పనికిరావట మామయ్యా. మరీ బాగా వచ్చాయి, గీతలూ లేవు, పౌడర్ పెళ్ళలూ లేవు. ఉత్త నున్నటివి లాబ్‌లో మేమే చేసుకోగలం. మేడం ఏమన్నారంటే, ఈసారి చెడగొట్టాలని చూడొద్దట. నువ్వు మామూలుగా, బాగా మెరవాలని ప్రాణం పెట్టి ఎలా చేస్తావో అలాగే చెయ్యమన్నారు."